దేశం సంగతి అడిగితే చెరువు సంగతి: గోదావరి డెల్టాలో ఆర్థికాభిప్రాయం కొలవడంపై ఒక కేస్ స్టడీ

2025 నవంబరు 12న వచ్చిన లెక్క ప్రకారం అక్టోబరు రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 బేస్‌తో లెక్కగట్టిన శ్రేణిలో అంత తక్కువ అంకె అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఆహార ధరలైతే ఏడాది కిందటి కంటే 5.02 శాతం తగ్గాయి. నవంబరు 28న జులై–సెప్టెంబరు జీడీపీ వృద్ధి 8.2 శాతమని ప్రకటించారు. డిసెంబరు 5న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని) 5.25 శాతానికి దించింది. కాగితం మీద ఇంతకంటే చల్లని కబురు ఉండదు.

అవే రోజుల్లో గోదావరి డెల్టా వేరే లెక్కలో ఉంది. ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతంగా ఉండేది. దానికి యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు (మరీ చవకగా అమ్మారని, సర్కారు రాయితీలు అందాయని వేసేవి) కలిపితే అప్పట్లో రొయ్య మీద భారం ఇంకా ఎక్కువ. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి, కోతకు రాబోతున్న సార్వా (ఖరీఫ్ వరి) చేలను నేలకొరిగించింది. కోనసీమ కొబ్బరి తోటల్లో మాత్రం ఆ ఏడాది కాయకు మునుపెన్నడూ చూడని ధర. యాభై అరవై కిలోమీటర్ల మేరలో మూడు పంటలు, మూడు రకాల మనసులు.

అలాంటి నెలలో ఒక ఎన్యుమరేటర్ గడప ముందు నిలబడి ‘దేశ ఆర్థిక పరిస్థితి ఎలా ఉందండి?’ అని అడిగితే వచ్చే జవాబు దేని గురించి? దేశం గురించా, సొంత రొయ్యల చెరువు గురించా, పడిపోయిన చేను గురించా, టీవీలో నిన్న రాత్రి జరిగిన చర్చ గురించా? ఇక్కడ కేసుగా తీసుకున్నది ఆ 2025 నవంబరునే. అప్పుడు డెల్టాలో సర్వే వేయాలంటే ప్రశ్నాపత్రం, శాంపిల్, కోడింగ్ (జవాబులను గడుల్లోకి విడదీయడం) ఎలా ఉండాలి, మామూలు పద్ధతిలో వెళితే ఎక్కడ దెబ్బతింటాం అన్నదే విషయం.

కొలబద్ద ఏది

మన దేశంలో ఈ పనికి అందరూ ఎత్తిచూపే కొలబద్ద రిజర్వ్ బ్యాంకు వినియోగదారుల విశ్వాస సర్వే. రెండు నెలలకోసారి, 19 పెద్ద నగరాల్లో, సుమారు 6,000 కుటుంబాలను అడుగుతారు. తెలుగువాళ్ళ మటుకు ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది. గ్రామీణ, సెమీ అర్బన్ ప్రాంతాలకు వేరే సర్వే తర్వాత మొదలైంది. అడిగేవి ఐదు అంశాలు: సాధారణ ఆర్థిక పరిస్థితి, ఉద్యోగాలు, ధరలు, సొంత ఆదాయం, ఖర్చు. ఒక్కోదానికి రెండు కాలాలు: ఏడాది కిందటితో పోలిస్తే ఇప్పుడెలా ఉంది, ఇంకో ఏడాదికి ఎలా ఉంటుంది.

లెక్క తేలికే. మెరుగైందన్నవాళ్ళ శాతంలోంచి దిగజారిందన్నవాళ్ళ శాతం తీసేస్తే నికర స్పందన. ఐదు నికర స్పందనల సగటుకు 100 కలిపితే సూచీ. 100 దాటితే ఆశ, దిగితే నిరాశ. ఇప్పటి పరిస్థితి సూచీ 2021 మేలో, కరోనా రెండో అల పోటు మీద ఉన్నప్పుడు, 48.5కి పడింది. 2025లో పట్టణ సూచీ 100కి కాస్త కిందే తచ్చాడింది. రాబోయే ఏడాది సూచీ మాత్రం 100కి బాగా పైనే ఉంది.

ఈ కొలబద్దను ఉన్నదున్నట్టు డెల్టా పల్లెలకు తెస్తే రెండు చోట్ల విరుగుతుంది: ధరల ప్రశ్న దగ్గర, ఖర్చు ప్రశ్న దగ్గర.

ధరలు పెరిగాయంటే నిరాశ కింద, తగ్గాయంటే ఆశ కింద లెక్క. నెల జీతం మీద బతికే ఇంటికి ఇది సబబే. వడ్లు అమ్మేవాడికి, రొయ్యలు అమ్మేవాడికి ఇది తలకిందులు. ఆహార ధరలు 5 శాతం తగ్గాయన్న వార్త హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఊరట, పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలంలో గుబులు. ‘రేట్లు పడిపోయాయండి’ అని ఆక్వా రైతు తలపట్టుకుని చెప్పిన మాట మన పట్టికలో ఆశావాదంగా నమోదవుతుంది! అందుకే డెల్టాలో ధరల ప్రశ్నను రెండుగా చీల్చాలి: కొనే సరుకుల రేట్లు వేరే, అమ్మే సరుకుల రేట్లు వేరే. సూచీలోకి మొదటిది మాత్రమే వెళ్ళాలి. రెండోది ఆదాయం ప్రశ్న పక్కన పెట్టుకుని చదువుకోవాలి.

ఖర్చు సంగతి ఇంకా చిక్కు. ఖర్చు పెరిగిందంటే సూచీలో అది ఆశ, చేతిలో డబ్బుంది కాబట్టే ఖర్చు పెడుతున్నారన్న భావన. ఒక ఉదాహరణ వేసుకుందాం. నికర స్పందనలు ఇలా వచ్చాయనుకోండి: సాధారణ పరిస్థితి –15, ఉద్యోగాలు –15, ధరలు –80, ఆదాయం –6, ఖర్చు +60. మొత్తం –56, సగటు –11.2, సూచీ 88.8. ఖర్చును పక్కనపెట్టి మిగతా నాలుగింటితో వేస్తే సగటు –29, సూచీ 71. ఒకే జనం, ఒకే జవాబులు, 18 పాయింట్ల తేడా. ఆ +60 దేనివల్ల వచ్చిందో తెలియకుండా 88.8 అని ప్రకటిస్తే అది అంకె మాత్రమే. జీఎస్టీ తగ్గాక దీపావళికి బండి కొన్న ఖర్చా, తుపాను తర్వాత ఇంటి రేకులు మార్చిన ఖర్చా, ఆసుపత్రి ఖర్చా? అందుకే ఖర్చు పెరిగిందన్న ప్రతి ఒక్కరినీ ‘తప్పనిసరై పెరిగిందా, ఉండబట్టి పెట్టారా?’ అని ఒక్క అదనపు ప్రశ్న అడగాలి. అర నిమిషం పని. రెండు సూచీలూ, ఖర్చుతోనూ ఖర్చు లేకుండానూ, పక్కపక్కన ఇవ్వాలి.

మాట దగ్గరే సగం పని

శాంపిల్ సైజు గురించి గంటలు గంటలు కొట్టుకునే బృందాలు ప్రశ్నల తెలుగును మాత్రం అరగంటలో తేల్చేస్తాయి. డెల్టాలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడిదే.

‘ఆర్థిక పరిస్థితి’ అన్న మాటకు పల్లెలో స్థిరపడిన అర్థం సొంత ఇంటి డబ్బు స్థితి. ‘వాళ్ళ ఆర్థిక పరిస్థితి బాలేదు’ అంటాం, ఇల్లు గురించే అంటాం. ముందు ‘దేశ’ అని చేర్చినా వినేవాడి చెవికి ఆ రెండక్షరాలు ఆనవు. జవాబు అప్పుల దగ్గర మొదలై పిల్లల ఫీజుల దగ్గర ముగుస్తుంది. ఎన్యుమరేటర్ ‘దిగజారింది’ అని గుర్తు పెట్టేసి ముందుకు పోతాడు.

‘ఉపాధి ఎలా ఉంది?’ అంటే ఇంకో ముప్పు. ఊళ్ళో ఉపాధి అంటే ఉపాధి హామీ పని. బిల్లులు పడలేదనో, మేట్ (పని చూసే మనిషి) పేరు ఎక్కించలేదనో చెబుతారు. ‘ఉద్యోగాలు’ అంటే సర్కారు ఉద్యోగాలనుకుని డీఎస్సీ గురించి మాట్లాడతారు. ‘పని దొరకడం’ అంటే కూలి చేసేవాళ్ళకు అందుతుంది, చదువుకున్నవాళ్ళకు సగమే అందుతుంది. రెండూ కలిపి అడగక తప్పదు: ‘చదువుకున్న పిల్లలకి ఉద్యోగాలు, కూలాళ్ళకి పనులు దొరకడం...’

‘ఖర్చులు’ అంటే రైతుకు పెట్టుబడి. మేత, కరెంటు, డీజిలు, మందులు, దమ్ము, కోత మిషను. ‘ఇంట్లో వాడకానికి పెట్టేది’ అని విడదీసి చెప్పకపోతే ఖర్చు ప్రశ్న మొత్తం సాగు లెక్కతో నిండిపోతుంది. ‘ఆదాయం’ అంటే మిగులు అనుకుంటారు, ‘ఆదాయమేముందండీ’ అనేస్తారు. ‘అన్ని వైపుల నుంచీ చేతికొచ్చిన డబ్బు’ అనాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషి పంపేది అందులో చేరుతుందని కూడా నోటితో చెప్పాలి. లేకపోతే కోనసీమ, నరసాపురం వైపు ఇళ్ళలో ఆ డబ్బు లెక్కలోకే రాదు. అది ‘పంపేది’, ఆదాయం కాదు!

దేశం ప్రశ్నకు ఈ వాక్యం వాడమని సూచన: ‘మన ఇల్లు, మన ఊరు కాసేపు పక్కన పెడదామండి. మొత్తం దేశంలో వ్యాపారాలు నడవడం, ఉద్యోగాలు, జనం చేతిలో డబ్బు ఆడటం, ఇవన్నీ పోయిన కార్తీకం నాటికీ ఇప్పటికీ చూస్తే మెరుగయ్యాయా, అలాగే ఉన్నాయా, తగ్గాయా?’ సగం ఫారాల్లో ‘తగ్గాయా’ ముందు రావాలి. మొదటి మాట మెరుగని వింటే మర్యాదకు అదే అనేవాళ్ళు ఇక్కడ తక్కువేం కాదు.

‘ఏడాది కిందట’ అని అడగొద్దు, తేదీ అంతకన్నా వద్దు. పోయిన సార్వా కోత, పోయిన కార్తీకం, పోయిన సంక్రాంతి. కొబ్బరి ఇళ్ళలో సార్వా పనిచేయదు, పండుగలు పనిచేస్తాయి. ఆక్వాలో పోయినేడాది ఇదే నెలలో చెరువు పట్టారా లేదా అని ముందు కనుక్కోవాలి. రొయ్యది మూడు నాలుగు నెలల పంట కాబట్టి, పట్టుబడి లేని నెలతో పట్టుబడి ఉన్న నెలను పోల్చే ప్రమాదం ఉంది.

ఇక గోదావరి మర్యాద. ‘ఆయ్, బాగానే ఉందండి’ అన్నది జవాబు కాదు, పలకరింపు. ‘ఏదో అలా నడుస్తుందండి’, ‘పర్లేదండి’, ‘మీకు తెలీనిదేముందండి’, ‘ఏ ప్రభుత్వమొచ్చినా మన కష్టం మనదేనండి’: వీటిలో ఏదీ నేరుగా కోడ్ చేయదగ్గది కాదు. ఒకే ఒక్కసారి తిరిగి అడగాలి: ‘పోయినేడాది మీద చెప్పండి: మెరుగా, అలాగేనా, తగ్గిందా?’ అప్పటికీ అదే మాట వస్తే ‘తెలియదు’ గడిలో వేయాలి, ‘అలాగే ఉంది’ గడిలో కాదు. ‘వచ్చే పంటకి చూడాలండి’ అన్నది కూడా ఆశ కింద రాకూడదు. అది దేవుడి మీద వేసిన భారం. రాబోయే ఏడాది సూచీలు డెల్టాలో అకారణంగా ఉబ్బడానికి ఇలాంటి మాటలే ఒక కారణం.

‘తెలియదు’ను ‘అలాగే’లో కలిపేస్తే ఎంత తేడా? 24 శాతం మెరుగు, 20 అలాగే, 38 తగ్గింది, 18 తెలియదు అనుకోండి. అందరి మీద నికర స్పందన –14. జవాబిచ్చినవాళ్ళ మీద –17.1. మూడు పాయింట్లే కదా అనిపిస్తుంది. కానీ తెలియదన్నవాళ్ళలో ఆడవాళ్ళ వాటా ఎక్కువగా ఉంటే, వాళ్ళ అభిప్రాయం మొత్తం ‘మార్పు లేదు’గా మారిపోతుంది. ఆ 18 శాతాన్ని విడిగా ముద్రించాలి.

జవాబులో చెరువు ఎంత

మాట ఎంత సరిచేసినా సొంత బతుకు దేశం జవాబులోకి కారుతూనే ఉంటుంది. దాన్ని ఆపలేం, ఎంత కారిందో కొలవచ్చు. ఈ కేసులో అసలు పనికొచ్చే భాగం ఇదే.

మొదటి ఉపాయం మూల ప్రశ్న. దేశం గురించి జవాబు చెప్పిన వెంటనే ‘దేన్ని చూసి అలా అన్నారండి?’ అని అడిగి, వాళ్ళ మాటల్లోనే ఒక వాక్యం రాసుకోవాలి. తర్వాత ఆఫీసులో కోడ్ వేయాలి: సొంత పంట ధర, తుపాను నష్టం, కూలి పని, కిరాణా రేట్లు, బంగారం, పిల్లల ఉద్యోగం, పథకాలు, టీవీ లేదా ఫోన్‌లో చూసింది, పార్టీ మాట, ఊళ్ళో వ్యాపారాలు, ఇతరం. ఒక జవాబుకు రెండు కోడ్‌ల వరకు ఇవ్వొచ్చు. బంగారానికి వేరే గడి ఎందుకంటే, 2025లో పది గ్రాములు లక్ష దాటాక పెళ్ళి ఉన్న ప్రతి ఇల్లూ మొత్తం ధరలను ఆ ఒక్క ధరతోనే తూకం వేస్తోంది. ద్రవ్యోల్బణం బుట్టలో దాని బరువు బహు స్వల్పం, డెల్టా ఇంట్లో దాని బరువు వేరు. అదే బంగారం కుదువపెట్టి అప్పు తీసుకున్న ఇంటికి ధర పెరగడం శుభవార్త. అందుకే బంగారం గడిలో ‘కొనాలి’, ‘తాకట్టులో ఉంది’ అని రెండు ముక్కలు ఉండాలి. రిజర్వ్ బ్యాంకు వేరుగా నడిపే ద్రవ్యోల్బణ అంచనాల సర్వేలోనూ జనం చెప్పే ధరల పెరుగుదల అధికారిక అంకె కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. నవంబరు 2025లో 0.25 చదివి వచ్చి జనాన్ని తప్పుపట్టడం మొదలుపెడితే సర్వే చెడినట్టే.

రెండో ఉపాయం పోలిక. ఆక్వా ఊళ్ళవాళ్ళకూ కొబ్బరి ఊళ్ళవాళ్ళకూ దేశం ఒకటే, టీవీ ఛానళ్ళు అవే, జీఎస్టీ అదే. అలాంటప్పుడు దేశం ప్రశ్నకు ఆక్వాలో నికర స్పందన –40, కొబ్బరిలో –5 వచ్చిందనుకోండి. ఆ 35 పాయింట్ల తేడా దేశానిది కాదు. అందులో కొంత వయసు, చదువు, పార్టీల తేడా. అవి సర్దాక మిగిలిందే జవాబులోని చెరువు. పింఛనుదార్లు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్న పట్టణ వార్డులు ఇక్కడ నీటిమట్టం గుర్తులా పనికొస్తాయి. వాళ్ళకు పంట లేదు, తుపాను తాకిడి తక్కువ. వాళ్ళ దగ్గర కూడా అదే దిశలో మార్పు కనిపిస్తేనే ‘డెల్టా జనం దేశం గురించి ఇలా అనుకుంటున్నారు’ అని రాయడానికి ధైర్యం చేయాలి.

మూడోది క్రమం. సగం ఫారాల్లో దేశం ప్రశ్న మొదట, మిగతా సగంలో ఇల్లు, ఊరు అయ్యాక దేశం. రెండు సగాల తేడా చూస్తే ప్రశ్నల వరస వల్ల ఎంత వంగిందో తెలుస్తుంది. రెండు రంగుల కాగితాల మీద ప్రింటు తీయిస్తే ఎన్యుమరేటర్లు కలపరు. ట్యాబ్ మీద చేస్తే యాదృచ్ఛికంగా అదే మారుస్తుంది.

రాష్ట్రం గురించి కూడా ఒక ప్రశ్న విడిగా ఉండాలి. 2024 జూన్ నుంచి రాష్ట్రంలో అధికారంలో ఉన్న కూటమి పార్టీలే కేంద్రంలోనూ భాగస్వాములు. దాంతో పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ రెండు ప్రభుత్వాలనూ ఒక్క ఊపులో కలిపేస్తారు. రాష్ట్రం ప్రశ్న ముందే అడిగేస్తే ఆ రుచి దేశం జవాబుకూ అంటుకుంటుంది కాబట్టి అది చివర్లో. ఓటు ఎవరికేశారని అడగనే వద్దు. అడిగిన మరుక్షణం నుంచి ఊళ్ళో మిగతా ఇళ్ళ తలుపులు మూసుకుంటాయి. ఏ ఛానల్ ఎక్కువ చూస్తారన్నది చాలు, డెల్టాలో దాన్నిబట్టి అర్థమైపోతుంది.

శాంపిల్: ఇళ్ళు కాదు, ఊళ్ళు పెంచాలి

డెల్టా ఊరంటే చాలావరకు ఒకే పంట, ఒకే కమీషన్ ఏజెంటు, ఒకే మిల్లు. ఒక ఊళ్ళో పదిహేను ఇళ్ళు అడిగితే పదిహేను అభిప్రాయాలు రావు, నాలుగైదు వస్తాయి. ఒకే ఊరి జవాబులు ఒకదానికొకటి ఎంత పోలి ఉంటాయో రో అనే గుణకంతో లెక్కవేస్తారు. మామూలు సర్వేల్లో 0.05 దగ్గర వేసుకుంటారు. డెల్టాలో పంట, తుపాను వంటి విషయాలకు 0.15 వేసుకోవడం క్షేమం.

600 ఇళ్ళే అనుకుందాం. 40 ఊళ్ళలో 15 చొప్పున అయితే డిజైన్ ఎఫెక్ట్ (ఊళ్ళవారీగా గుంపుగా అడగడం వల్ల శాంపిల్ బలం ఎన్ని వంతులు తగ్గుతుందన్న లెక్క) 1 + 14 × 0.15 = 3.1. అంటే 600 ఇళ్ళు 194 ఇళ్ళ బలమే ఇస్తాయి, పొరపాటు అంచు ±7 శాతం. అదే 60 ఊళ్ళలో 10 చొప్పున అయితే 2.35, బలం 255, అంచు ±6.1. ఇళ్ళు అవే, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, ఫలితం మెరుగవుతుంది. డబ్బు తక్కువైతే ఇళ్ళు తగ్గించండి, ఊళ్ళు తగ్గించకండి.

ఇంకో మెలిక. ±6.1 అన్నది ఒక శాతానికి. మనం చూసేది నికర స్పందన, రెండు శాతాల తేడా. 30 మెరుగు, 45 తగ్గింది అయితే నికరం –15, దాని అంచు దాదాపు ±10.5. రెండు రౌండ్లలో వేర్వేరు ఇళ్ళు అడిగితే మార్పు 15 పాయింట్లు దాటితే గానీ అది మార్పని చెప్పలేం. పత్రికలకు మూడు పాయింట్ల కదలికలు పంపి ‘నమ్మకం పెరిగింది’ అనేవాళ్ళు ఈ ముక్క చూడరు. అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళే ప్యానెల్ అయితే అంచు తగ్గుతుంది. అందుకే సగం ఇళ్ళు ప్యానెల్‌గా ఉంచాలి.

60 క్లస్టర్ల (ఎంచుకున్న ఊళ్ళు, వార్డుల) పంపకం ఇలా: వరి ఊళ్ళు 20 (రామచంద్రపురం, తణుకు, పెనుగొండ వైపు), ఆక్వా 14 (భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు), కొబ్బరి 10 (అంబాజీపేట, రాజోలు, పి.గన్నవరం), పట్టణ వార్డులు 12, లంకలూ తీరం ఊళ్ళూ 4. చివరి నాలుగూ మొత్తంలో కలపడానికే, విడిగా అంకెలు ఇవ్వడానికి కాదు. లంకకు పడవ దాటాలని ఎన్యుమరేటర్ ఇవతలి గట్టు ఊళ్ళో పది ఇళ్ళు చేసుకుని లంక పేరు రాసేయడం ఉంటుంది. జీపీఎస్ చూడకపోతే ఎప్పటికీ బయటపడదు.

ఇళ్ళ ఎంపికకు ఓటర్ల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. పోలింగ్ కేంద్రం జాబితాలో ఇంటి నంబర్ల మీద నిర్ణీత అంతరంతో పోవాలి. దాని లోపం కూడా తెలిసిందే: చెరువు గట్ల మీద కాపలా ఉండే కుటుంబాలు, రొయ్యల ప్లాంట్లలో పనికొచ్చిన ఒడిశా, బెంగాలు కూలీలు అందులో ఉండరు. ఆక్వా క్లస్టర్లలో పదిలో ఒక ఇంటర్వ్యూ గట్టు మీద చేయడం అనే నియమం పెట్టుకోవచ్చు, విడిగా గుర్తు పెట్టి. పేటలు (ఊరి అంచున ఉండే వాడలు) జాబితాలో వేరే భాగంగా ఉంటే ఆ భాగం కూడా డ్రాలో ఉండాలి. మెయిన్ రోడ్డు మీది ఇళ్ళతో ముగించే అలవాటు ఇక్కడే పట్టుబడుతుంది. వెయిట్లకు (ఏ వర్గం జవాబులకు ఎంత బరువివ్వాలన్న లెక్కకు) 2011 జనగణనే దిక్కు, కొత్తది ముగిసేదాకా. పట్టణాల వాటా అప్పటికంటే పెరిగి ఉంటుందని గుర్తుంచుకుని రెండు రకాల వెయిట్లతో వేసి చూసుకోవాలి.

ఇంట్లో ఎవరిని అడగాలి? ‘ఇంటాయన వచ్చాక రండి’ అంటారు. కిష్ పట్టిక (ఇంట్లో పెద్దవాళ్ళలోంచి ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచే పట్టిక) ప్రకారం ఎవరి వంతు వస్తే వాళ్ళనే. పుట్టినరోజు పద్ధతి (ఇటీవల పుట్టినరోజు వచ్చినవాళ్ళను అడగడం) పెద్దవాళ్ళ దగ్గర పనిచేయదు. కూలికి వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఐదు దాటాకే దొరుకుతారు. పగటి పూటే ముగిస్తే శాంపిల్ నిండా అరుగు మీద కూర్చున్నవాళ్ళే. అరుగు మీద ఒకరిని అడిగితే నలుగురు జవాబు చెబుతారు, అందులో గట్టిగా మాట్లాడేవాడిది రాసుకుంటారు. పక్కకు తీసుకెళ్ళడం మొరటుగా ఉంటుందనిపిస్తే మంచినీళ్ళు అడిగి లోపలికి వెళ్ళడం పాత చిట్కా.

కౌలుదారును పట్టుకోవడం మరో పని. ‘కౌలు చేస్తున్నారా?’ అంటే యజమాని భయంతో లేదంటారు. ‘పండినదాంట్లో ఎవరికైనా కొలవాలా?’ అంటే చెప్పేస్తారు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,300 నుంచి 2,369 అయింది. 75 కిలోల బస్తాకు 1,725 నుంచి సుమారు 1,777. సొంత భూమి రైతుకు ఆ 52 రూపాయలు ప్రతి బస్తా మీదా వస్తాయి. కౌలును బస్తాల్లో కొలిచేవాడికి కొలిచే బస్తాల ధర కూడా పెరిగినట్టే, మిగిలిన బస్తాల మీదే లాభం. తడిసిన వడ్లలో తేమ 17 శాతం దాటితే ఆ ధరే చేతికి రాదు. కాబట్టి ‘రైతులు’ అని ఒకే వరస పట్టికలో వేస్తే ఏమీ తెలియదు. సొంతం, కౌలు, రెండూ, కూలి అని నాలుగు గడులు.

ఆ నెలలో అసలు వెళ్ళాలా

రిజర్వ్ బ్యాంకు రౌండ్లతో పోల్చాలంటే నవంబరు తప్పదు. కానీ తుపాను తర్వాత మొదటి రెండు మూడు వారాలు పంట నష్టం నమోదు జరుగుతూ ఉంటుంది. ట్యాబ్ పట్టుకుని, మెడలో కార్డు వేసుకుని ఎవరొచ్చినా అది నష్టపరిహారం లెక్కే అనుకుంటారు. అప్పుడు ఆదాయం ప్రశ్నకు నిజం చెప్పడం తెలివితక్కువతనం. మొదటి వాక్యంలోనే ‘ఇది పంట నష్టం లెక్క కాదండి, పింఛనుకీ రేషన్ కార్డుకీ దీనికీ సంబంధం లేదండి’ అనాలి. అన్నా పూర్తిగా నమ్మరు. వరి ఊళ్ళను నమోదు ముగిశాక నెల చివరికి నెట్టి, పట్టణాలూ కొబ్బరి ముందు చేసుకోవడం మంచిది. ఆ పక్షం రోజుల తేడా రిపోర్టులో రాయాలి, ఎందుకంటే జీడీపీ అంకె 28న వచ్చింది. తర్వాత అడిగినవాళ్ళు అది విని ఉంటారు, ముందు అడిగినవాళ్ళు విని ఉండరు.

మనుషుల లెక్క: ఒక్కో ఇంటర్వ్యూ 18–20 నిమిషాలు, రోజుకు ఏడెనిమిది. పది మంది ఎన్యుమరేటర్లు, ఇద్దరు సూపర్‌వైజర్లు, ఎనిమిది రోజులు. సొంత మండలం వాళ్ళను ఆ మండలంలో పెట్టొద్దు, అప్పుల సంగతి ఎరిగినవాడి ముందు ఎవరూ చెప్పరు. పక్క మండలం వాళ్ళయితే యాస కలుస్తుంది, చుట్టరికం కలవదు. పదో వంతు, అంటే 60 ఇళ్ళు, సూపర్‌వైజర్ మళ్ళీ వెళ్ళి మూడు ప్రశ్నలు అడగాలి. 9 నిమిషాల్లో ముగిసిన ఫారాలు, ఐదు అంశాలకూ ఒకే జవాబు ఉన్న ఫారాలు, మూల ప్రశ్నకు ‘ధరలు’ అనే ఒక్క మాట వరసగా ఉన్న ఫారాలు ముందు తీయాలి. చివరి రకం ఎన్యుమరేటర్ అడగకుండా రాసినవే.

ఫోన్ మీద చేయొచ్చు కదా అంటారు. ఖర్చు తగ్గుతుంది, ఆడవాళ్ళు తగ్గిపోతారు. ప్యానెల్‌లో మళ్ళీ అడగడానికి మాత్రం ఫోన్ పనికొస్తుంది.

తర్వాతి రౌండ్ జనవరి. 13 నుంచి 16 వరకు ఫీల్డులో ఎవరూ ఉండకూడదు, ఇంట్లో ఉన్నా జవాబులు పండుగవి. 19 తర్వాత మొదలుపెడితే సార్వా డబ్బు చేతికి వచ్చిందో రాలేదో తెలిసిపోతుంది, దాళ్వా (రబీ వరి) నాట్లు నడుస్తుంటాయి, పండక్కి వచ్చిన హైదరాబాద్ పిల్లలు వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళు చెప్పి వెళ్ళిన మాటలు మాత్రం మూల ప్రశ్నలో కనిపిస్తాయి. ‘అబ్బాయి అన్నాడండి’ అన్న జవాబుకు కోడ్ షీటులో ముందే ఒక గడి ఉంచుకోవాలి.